వెన్న మింగిన ట్యాంకు

తొంభైల మొదట్లో నేను నాచారంలో ఒక పాల ఉత్పత్తుల ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. అక్కడ వెన్న, నెయ్యి, పాలపొడి తయారయ్యేవి. నా పని మాత్రం వాటిలో దేనితోనూ కాదు. యంత్రాలూ గొట్టాలూ కడగ్గా వచ్చే మురికినీళ్లను శుభ్రం చేసి బయటికి వదిలే ప్లాంటు నా చేతికింద ఉండేది. మైక్రోబయాలజీ చదివి మురుగునీళ్ల దగ్గర ఉద్యోగమేమిటని తెనాలి వైపు మా చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. మావారికి రైల్వేలో ఉద్యోగం. ఉప్పల్‌లో అద్దె ఇల్లు, మాటలు నేర్చుకుంటున్న పాప, పాపను చూసుకోవడానికి మా అత్తగారు. నాచారం ఒక్క బస్సు దూరం. ఆ ఉద్యోగంలో చేరడానికి అంతకన్నా పెద్ద కారణం ఏదీ లేదు.

ప్లాంటంటే ముఖ్యంగా ఒక ట్యాంకు. గాలి చొరబడకుండా పైన మూసేసిన పెద్ద కాంక్రీటు ట్యాంకు. డైజెస్టర్ అనేవాళ్లం. దాని అడుగున నల్లటి బురద ఆవగింజల్లాంటి పలుకులుగా ఉండేది. ఆ పలుకుల నిండా సూక్ష్మజీవులే. వాటిలో కొన్ని నీళ్లలోని పాలమురికిని విరగ్గొట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. మరికొన్ని ఆ ఆమ్లాలను తిని గ్యాస్ వదులుతాయి. మొదటివి మొండివి, ఎంత పెట్టినా తింటాయి. రెండోవి సుకుమారమైనవి, నెమ్మదిగా పనిచేస్తాయి. అవి వెనకబడితే ట్యాంకు పులుస్తుంది. పులిసినకొద్దీ అవి ఇంకా వెనకబడతాయి. ఆ పరిస్థితి రాకుండా చూడటమే నా ఉద్యోగం. వచ్చిన గ్యాస్ పక్కనున్న ఇనప డ్రమ్ములో చేరి బాయిలర్‌కు పోయేది. గ్యాస్ నిండితే డ్రమ్ము పైకి లేచేది, తగ్గితే కిందికి దిగేది. దాని వాలకం చూస్తే చాలు, ఆ రోజు నా మనసు ఎలా ఉండబోతుందో తెలిసిపోయేది.

నాతోపాటు ప్లాంటులో ఒక ఆపరేటర్ ఉండేవాడు. నాచారం ఊరివాడే. నాకన్నా బాగా పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలిచేదాన్ని. అతను నన్ను మేడమ్ అనేవాడు. నోట్లో ఎప్పుడూ వక్కపలుకు, మాటకు ముందు ఒక నవ్వు. ఫ్యాక్టరీలో నాకు దగ్గరైన మరో మనిషి వెన్న సెక్షన్ సూపర్‌వైజర్. ఆమెది బోడుప్పల్, ఒకప్పుడు వ్యవసాయం చేసిన కుటుంబం. ఉప్పల్ చౌరస్తాలో ఇద్దరం ఒకే బస్సెక్కేవాళ్లం. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. ఎవరికి సీటు దొరికితే వాళ్లు రెండోవాళ్ల టిఫిన్ డబ్బా కూడా ఒళ్లో పెట్టుకోవడం మా మధ్య ఒప్పందం.

ఒక మే నెల సోమవారం అక్క బస్సులో ఒక్క మాటా మాట్లాడలేదు. ఎండకు తలనొప్పేమో అనుకున్నాను. ఫ్యాక్టరీ దగ్గర దిగేసరికి మా ఆపరేటర్ గేటు బయటే నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ అలా ఎదురు వచ్చేవాడు కాదు. ముఖంలో నవ్వు లేదు.

"డ్రమ్ము కింద కూసున్నది మేడమ్," అన్నాడు. "పొద్దుగాల వచ్చి సూస్తే అడుగుకు దిగి ఉన్నది. బాయిలరోల్లు గ్యాస్ లేదని ఒకటే లొల్లి."

బ్యాగు కూడా కింద పెట్టకుండా ఇనపమెట్లు ఎక్కి, లోపలికి చూడటానికి ట్యాంకు కప్పులో ఉంచిన పెద్ద మూత తీశాను. పాడైపోయిన వెన్న వాసన, దాని వెనక పుల్లటి ఘాటు. నల్లటి నీళ్లు కనిపించాల్సిన చోట పసుపుపచ్చటి మందమైన పొర తేలుతోంది. చలికాలంలో గిన్నెలో గడ్డకట్టిన నెయ్యిలా ఉంది. కర్రతో కదిపితే ఆ పొరకు అంటుకుని నల్లపలుకులు పైకి వచ్చాయి. ఎప్పుడూ అడుగున ఉండాల్సినవి, కొవ్వు పట్టి, మునగలేక తేలుతున్నాయి.

ల్యాబ్ అని పిలుచుకునే రేకుల గదిలో కూర్చుని నీళ్లు పరీక్షించాను. ఆమ్లం ఎన్నడూ లేనంత ఉంది. తప్పు చేశానేమోనని మళ్లీ చేశాను. అంతే వచ్చింది. నీళ్లలో కొవ్వు కొద్దికొద్దిగా ఎప్పుడూ ఉండేదే, బురద దాన్ని అరిగించుకునేది. ఇది కొద్దిగా కాదు. ఎవరో ఒక్కసారిగా వంపేశారు. కొవ్వు విరిగితే వచ్చే ఆమ్లాలు జిగటగా పలుకుల చుట్టూ పూతలా పట్టేస్తాయి. ఇక లోపలి జీవులకు తిండి అందదు, అవి వదిలే గ్యాస్ బయటికి రాదు. ఇదంతా నేను పుస్తకంలో చదివినదే. పుస్తకంలో దానికి వాసన లేదు.

వెన్న సెక్షన్‌కు వెళ్లి అడిగితే అందరూ తలలు దించుకున్నారు. సాయంత్రం బస్సులో అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నిన్న కరెంటు వోయింది చెల్లె. జనరేటర్ నడవలే. చల్లగది వేడెక్కింది, క్రీమంత ఇరిగిపోయింది. మేనేజర్‌కు ఫోన్ జేస్తే కడిగెయ్ అన్నడు. ఎవ్వలికి జెప్పకు అన్నడు. నేనే వాల్వు తిప్పిన. అది నీ దాకా వస్తదని నాకు సమజ్ కాలే. మోరీల వోతది అనుకున్న."

"ఆ మోరీ నీళ్లన్నీ నా ట్యాంకులోకే వస్తాయక్కా," అన్నాను. గొంతు కరుకుగా వచ్చింది. ఆమె కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మర్నాటి నుంచి నేను ట్యాంకులోకి కొత్త నీళ్లు వదలడం ఆపేశాను. కడిగిన నీళ్లను పక్కనున్న పెద్ద గుంటలో నిలవ పెట్టాం. ట్యాంకులో పులుపు ఇంకా పెరగకుండా సున్నం కలిపిన నీళ్లు కొంచెం కొంచెంగా పోశాం. ఎక్కువైతే అదీ ముప్పే. సున్నం కొవ్వు ఆమ్లాలను కొంతవరకు పట్టి గడ్డకట్టిస్తుందని నా ఆశ. తేలిన పొరను తీసెయ్యడానికి మా దగ్గర సరైన సామాను లేదు. అక్క నెయ్యి గదిలోంచి పొడవాటి కాడల జల్లిగరిటెలు మోసుకొచ్చింది. నేను అడగలేదు. భోజనాల వేళ ముక్కుకు గుడ్డ కట్టుకుని ముగ్గురం ట్యాంకు మీద నిలబడి ఆ పొరను దేవి డబ్బాల్లోకి ఎత్తాం. నల్లపలుకులను మళ్లీ నీళ్లలోకి విదిలించి, కొవ్వు ముద్దలను మాత్రం బయట పెట్టాం. ఎండకు కాంక్రీటు కాళ్లు కాల్చేది. ఒకరోజు ఎత్తిన చోట మర్నాడు మళ్లీ పొర కట్టేది.

"సచ్చిపోయింది మేడమ్ ఇది," అన్నాడు ఆపరేటర్ ఒక మధ్యాహ్నం, గరిటె ఆన్చి నిలబడి. "పానముంటే గింత సప్పుడన్న జేస్తుండె. ఒక్క బుగ్గ లేస్తలేదు. ఖాళీ జేసి కొత్తది వోసుకుందాం."

అతని మాట కొట్టిపారెయ్యడానికి నా దగ్గర ఆధారం ఏదీ లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. యూనివర్సిటీలో నాకు పాఠం చెప్పిన మాస్టారికి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నారు. "కొవ్వు పట్టిన బురద కోలుకుంటుందో లేదో నేనూ చూడలేదమ్మా. కోలుకుంటే మాత్రం ఆకలితో ఉంచితేనే కోలుకుంటుంది. ఆ అంటుకున్న కొవ్వు తప్ప తినడానికి ఇంకేమీ లేకుండా చెయ్యి. నీళ్లు మెల్లగా తిప్పుతూ ఉండు. అంతకుమించి చెప్పలేను," అన్నారు. బూత్ బయట నిలబడి ఆ మాటలే మళ్లీ మళ్లీ అనుకున్నాను. నాకు కావాల్సింది ధైర్యం. దొరికింది ఒక పద్ధతి.

ఇంట్లో పాప నా దగ్గరికి రావడం మానేసింది. తలస్నానం చేసినా జుట్టులోంచి ఆ వాసన పోయేది కాదు. "అమ్మ కంపు" అని నానమ్మ చీర వెనక దాక్కునేది. మావారు రెండు రోజులు ఓపిక పట్టి, "మానెయ్యరాదూ, నీ ప్రాణం కన్నా ఎక్కువా?" అన్నారు. అన్నం ముందు కూర్చుంటే పెరుగు గిన్నెను పక్కకు తోసేసేదాన్ని.

ఈలోగా గుంట నిండుతోంది. నిలవ నీళ్లు కుళ్లి వాడంతా వాసన కొట్టింది. ఫ్యాక్టరీ వెనక మురుగునీళ్ల నాలా, నాలా ఒడ్డున బస్తీ. ఒకరోజు పొద్దున ఆ బస్తీ ఆడవాళ్లు గేటు దగ్గరికి వచ్చారు. వాచ్‌మన్ వెళ్లగొట్టబోతే నేను ఆపి బయటికి వెళ్లాను.

"ఏందమ్మా గీ వాసన?" అంది ముందున్నామె. చంకలో బిడ్డ. "పోరగాండ్లు బువ్వ ముడ్తలేరు. దర్వాజ తెరిస్తె సాలు, కడుపుల దేవుతది. గిట్లయితే ఎట్ల బతకాలె?"

ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. మురికిని తినే పురుగులు లోపల ఉంటాయని, వెన్న మింగి అవి పడిపోయాయని, లేపడానికి చూస్తున్నామని.

"ఎప్పుడు లేస్తయి?"

"తెలియదమ్మా. చూస్తున్నాం."

ఆమె నన్ను కింది నుంచి మీదికి చూసింది. నా చీర మీది సున్నం మరకలు, చేతుల మీది కొవ్వు జిడ్డు. "జర జల్దీ సూడుండ్రి," అని వెనక్కి తిరిగింది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

గేటు దగ్గర గొడవ మేనేజర్ చెవిన పడింది. వెంటనే నన్ను పిలిపించాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. పండగకు అందరికీ చేత్తో మిఠాయి పంచేవాడు. కానీ యజమాని పేరు వినబడితే ఆయన కుర్చీలో నిటారుగా అయిపోయేవాడు.

"ఇంకెంతకాలం?" అన్నాడు. "ఖాళీ చేయించెయ్యండి. వాన పడితే నాలా ఎలాగూ పొంగుతుంది. ఆ నీళ్లలో వదిలేస్తే ఎవరికీ తెలియదు. తర్వాత ఎక్కడినుంచైనా బురద తెచ్చి కొత్తగా మొదలుపెట్టుకుందాం."

"నాలా పక్కన ఇళ్లున్నాయి సార్. పైగా కొత్తగా మొదలుపెడితే దారిలో పడటానికి నెలలు పడుతుంది."

"ఇది మాత్రం బతికుందా?"

"తెలియదు సార్."

"తెలియనిదాని కోసం ఫ్యాక్టరీ మూసుకోమంటారా?"

అప్పుడు తలుపు దగ్గర అలికిడి అయింది. అక్క. ఎంతసేపటినుంచి నిలబడిందో తెలియదు. "సార్, క్రీము నేను వదిలిన. మీరు చెప్తెనే వదిలిన," అంది మెల్లగా. "ఇప్పుడు మా దిక్కు కడుగుడు నీళ్లు సగానికి తగ్గిస్త. ముందుగాల వెన్న గీకి డబ్బాల్లకు ఎత్తి, ఎనుక నీళ్లతోని కడిగిపిస్త. చెల్లెకు జర టైమియ్యుండ్రి."

మేనేజర్ ముఖం ఎర్రబడింది. టేబుల్ మీది పేపర్‌వెయిట్ అటూ ఇటూ జరిపాడు. చివరికి, "వాన పడేదాకా," అన్నాడు.

అలా ఆ వేసవిలో ఊరంతా వాన కోసం చూస్తుంటే నేను వాన రాకూడదని చూశాను. బస్సులో ఎవరైనా "ఈయేడు జల్ది వస్తదట" అంటే కిటికీలోంచి ఆకాశం వైపు చూసేదాన్ని. మధ్యాహ్నం కాస్త మబ్బు పడితే గదిలోంచి బయటికి వచ్చి నిలబడేదాన్ని. ఆమ్లం పెరగడం ఆగింది. తగ్గడం మాత్రం మొదలుకాలేదు. డ్రమ్ము అడుగునే ఉంది. ఆపరేటర్ నీళ్లు తిప్పే పంపును ఇంట్లో రోగిని చూసినట్టు చూసుకుంటున్నాడు. కానీ నా కళ్లలోకి చూసి మాట్లాడటం మానేశాడు.

వాన అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. భోజనాల తర్వాత మల్లాపూర్ వైపు ఆకాశం నల్లబడింది. దుమ్ము లేచి రేకులు దడదడలాడాయి. పెద్ద పెద్ద చినుకులతో మొదలై క్షణాల్లో కుండపోత అయింది. గొడుగు వేసుకుని మేనేజర్ ప్లాంటుకు వచ్చాడు. ప్యాంటు మోకాళ్లదాకా తడిసిపోయింది.

"తెరిపించండి," అన్నాడు.

ఆయనే ట్యాంకు అడుగున ఉన్న వాల్వు గుంట దగ్గరికి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. బురదను వదిలే పెద్ద వాల్వు అది. తిప్పడానికి పైన ఇనపచక్రం ఉండాలి. చక్రం లేదు. ఉత్త ఇరుసు మాత్రం వానలో తడుస్తూ నిలబడి ఉంది.

"చక్రం ఏదయ్యా?"

రేకుల గది చూరు కింద ఆపరేటర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇప్పిన సార్. బిగుసుకపోయింది. కిరసనాయిల్ల నానవెట్టిన."

"ఎక్కడ?"

"ఇంటికాడ సార్."

ఇరుసుకు పైపు రెంచి పట్టించి తిప్పొచ్చని మేనేజర్‌కు తెలుసు. నాకూ తెలుసు. మెకానిక్ షెడ్డు కేక వేస్తే వినబడేంత దూరం. ఆయన షెడ్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను ఏదో అనాలి. "రేపటిదాకా ఆగండి సార్," అన్నాను. నా మాట నాకే వినబడలేదు. ఆయనకు వినబడిందో లేదో. "బాగా నానబెట్టు," అని ఆపరేటర్‌తో చెప్పి, గొడుగు వంచుకుని వెళ్లిపోయాడు.

ఆయన కనుమరుగయ్యాక నేను తడి మెట్టు మీదే కూర్చున్నాను.

"చచ్చిపోయిందన్నావు కదన్నా, ఖాళీ చేద్దామన్నావు. మరి ఎందుకు తీశావు?"

"మా తోడవుట్టిన అక్క ఇల్లు గా నాలా ఒడ్డుకే ఉన్నది మేడమ్," అన్నాడు. "సచ్చింది అయితె మాత్రం తీస్కవోయి మా అక్క వాకిట్ల వోస్తమా?"

ఆ వాన ఒక్క పూటకే ఆగిపోయింది. మళ్లీ ఎండ కాసింది. ఆ వారంలోనే ఒక ఉదయం పరీక్షలో ఆమ్లం కాస్త తగ్గినట్టు కనిపించింది. నమ్మలేదు. వాననీళ్లు ఎక్కడో కలిసి పలచబడ్డాయేమో అనుకున్నాను. మర్నాడు ఇంకా తగ్గింది. అంతలో ఆపరేటర్ కేక. పరుగెత్తాను. డ్రమ్ము జానెడు పైకి లేచి ఉంది. మూత తీస్తే నల్లటి నీళ్లలో అక్కడొకటి ఇక్కడొకటి బుడగలు. పైకి వచ్చిన ఒక పలుకు బుడగను వదిలి తిరిగి కిందికి మునిగింది. దాన్నే చూస్తూ ఉండిపోయాను. అది నిజంగా గ్యాసేనా, గాలి చొరబడిందా అని మళ్లీ అనుమానం. మిగులు గ్యాస్‌ను కాల్చెయ్యడానికి దూరంగా ఉంచిన మంట గొట్టం దగ్గర వెలిగించి చూశాం. ఎండలో సరిగా కనబడని నీలిమంట. ఆపరేటర్ అరచెయ్యి దగ్గర పెట్టి వేడి చూసి, "ఉన్నది మేడమ్, ఉన్నది," అన్నాడు.

మేము ట్యాంకుకు తిండి పెట్టి చాలా రోజులైంది. అయినా గ్యాస్ వస్తోందంటే లోపల పూతలా పట్టిన కొవ్వునే అవి తింటున్నాయన్నమాట. చంపుతుందనుకున్నదే వాటికి తిండైంది. తర్వాతి రోజుల్లో గ్యాస్ మామూలు కన్నా ఎక్కువగా వచ్చింది. డ్రమ్ము ఎక్కడ పొంగిపోతుందోనని అదొక కొత్త దిగులు.

అంతా సాఫీగా ఏమీ జరగలేదు. గుంట పొంగుతోందని మేనేజర్ తొందరపెడితే నేను ఒక రోజు నీళ్లు కాస్త ఎక్కువగా వదిలాను. ఆమ్లం మళ్లీ ఎగబాకింది. మళ్లీ ఆపి, మళ్లీ ఎదురుచూపు. ఆ తర్వాత ఆయన ఎంత అడిగినా కొంచెం కొంచెంగానే వదిలాను. అసలైన వానలు పట్టేసరికి ట్యాంకు పాత దారిలో పడింది. గుంట ఖాళీ అయింది. బస్తీ నుంచి ఎవరూ రాలేదు. వాళ్లు రాకపోవడాన్ని బట్టే వాసన పోయిందని నాకు నమ్మకం కలిగింది.

యజమాని వచ్చినరోజు మమ్మల్ని లోపలికి పిలవలేదు. అద్దాల గది బయట బెంచీ మీద అక్కా నేనూ కూర్చున్నాం. ఇద్దరు కూతుళ్ల చదువు ఆమె జీతం మీదే నడుస్తోంది. లోపల మేనేజర్ మాట తగ్గించి మాట్లాడుతున్నా ఒక ముక్క స్పష్టంగా వినబడింది. "నేనే వదలమన్నాను. ఆ అమ్మాయిల తప్పు లేదు." ఆ తర్వాత యజమాని గొంతు పెద్దగా లేచింది. మేనేజర్ బయటికి వచ్చినప్పుడు మా వైపు చూడకుండా నడిచి వెళ్లిపోయాడు. ఆయన్ను తీసెయ్యలేదు కానీ ఆ సంవత్సరమే వేరే ఊళ్లోని ప్లాంటుకు పంపేశారు. వెళ్లేముందు ఆయన మంజూరు చేయించిన పని ఒకటుంది. వెన్న సెక్షన్ దగ్గర, మోరీలో నీళ్లు కలిసేచోట, కొవ్వును పైన ఆపి నీళ్లను మాత్రం కిందినుంచి పంపే చిన్న తొట్టి కట్టారు.

యజమాని వచ్చిన ఆ సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో దిగాక అక్క నన్ను బండి దగ్గరికి లాక్కుపోయి మిరపకాయ బజ్జీలు తినిపించింది. కారానికి ఇద్దరికీ కళ్లలో నీళ్లొచ్చాయి. చుట్టూ బస్సుల మోత, తడిసిన రోడ్డు.

"అంత అయిపోయింది గద చెల్లె," అంది మూతి తుడుచుకుంటూ. "మరి నాకింక బుగులు వోతలేదేంది?"

"నాకూ భయం పోలేదక్కా," అన్నాను.

ఇంకో రెండు బజ్జీలు ఇమ్మని ఆమె బండివాడికి చెప్పింది. బోడుప్పల్ బస్సు వచ్చినా ఆమె ఎక్కలేదు.